చక్రరత్న విజయం

శ్రీమదఖండ సిమెంటు ధూళి ధూసరితమై, కార్పాస పరాగ పరిమండితమై, మిరపఘాటు మిళిత మందమారుతాందోళితమై వెలిగే జగ్గయ్యపేట మహాపురం ఎటువంటిదయ్యా అంటే: పడమట పాలేరు అగడ్తగా, దక్షిణాన కృష్ణమ్మ ఒడ్డాణంగా, తూర్పున నందిగామ మునేటి దాకా పరుచుకున్న పత్తిచేలు వెల్లచీరగా, చిల్లకల్లు టోల్‌గేటు సింహద్వారంగా కలిగినది. హైదరాబాదు నుంచి బెజవాడకూ, బెజవాడ నుంచి హైదరాబాదుకూ ఉరికే రథ గజ తురగ సమానములైన లారీలన్నీ ఆ ద్వారం దగ్గర తల వంచి, కప్పం చెల్లించి గాని కదలవు. రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరు నిలబెట్టాలని పాత బేతవోలును పేటగా తీర్చాడు. 2022 ఏప్రిల్లో ఈ పేట జిల్లా కృష్ణా నుంచి ఎన్టీఆర్‌కు మారింది. ఏలికలు మారారు, ఎల్లలు మారాయి, ధూళి మారలేదు.

ఆ పురానికి చేరువలో ధనంబోడు అనే గుట్ట. 1882లో జేమ్స్ బర్జెస్ దొర అక్కడి బౌద్ధస్తూపాన్ని సర్వే చేసి లోకానికి చూపించాడు. అక్కడి సున్నపురాతి పలక మీద రెండు వేల ఏళ్ల నుంచీ నిలుచున్న చక్రవర్తి ఒకడున్నాడు. మాంధాత అంటారు. చెయ్యెత్తాడు, మబ్బు చిల్లుపడి నాణేల వాన కురుస్తోంది. చుట్టూ సప్తరత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, గృహపతి, సేనాని. అక్కడి శిల్పాలు మద్రాసు మ్యూజియం చేరాయి గాని సున్నపురాయి ఎక్కడికి పోతుంది? నేల కింద ఎకరాల కొద్దీ ఉంది. ఫ్యాక్టరీలు వచ్చాయి. ఆ జాతి రాయే పొడి పొడియై, బస్తాలకెక్కి, లారీలకెక్కి, దారి పొడుగునా రాలుతోంది. మాంధాత హయాంలో నాణేలు, మన హయాంలో సిమెంటు. మొత్తానికి వాన ఆగలేదు.

సప్తరత్నాల్లో అగ్రగణ్యం చక్రరత్నం. అది దొర్లిన మేరా రాజ్యం, అది ఆగిన చోట రాజ్యాంతం. అటువంటి చక్రమే ఒకటి, అరచేతి వెడల్పున, ఏడు నల్లని ప్లాస్టిక్ రెక్కలతో, బస్టాండుకు కూతవేటు దూరాన ఒక ఇంటర్నెట్ సెంటర్లో, రేకుపెట్టె గర్భాలయంలో, మూడో తరం ఐ3 ప్రాసెసరు శిరస్సు మీద ఛత్రమై, చామరమై, అహర్నిశలూ పరిభ్రమిస్తోంది. ఆ పెట్టె ముందు వాలని ప్రజ లేదు. హాల్‌టికెట్లు అక్కడే, స్కాలర్‌షిప్పు ఫారాలు అక్కడే, అడంగల్ ప్రింటు అక్కడే, తిరుపతి దర్శనం టికెట్టు అక్కడే. కౌంటరు దగ్గర రాజుగారు, అంటే ఓనరు, మీట నొక్కుతుంటాడు. లోపల చక్రం తిరుగుతుంటుంది. లోకం ఓనరునే చూస్తుంది. చక్రాన్ని ఎవరు చూశారు? ఈ కావ్యానికి నాయకుడు మాత్రం అదే.

ఇట్లుండగా పాత చక్రవర్తికి కాలం చెల్లింది. 2015 జూలై 29న సింహాసనమెక్కిన విండోస్ 10 కు 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ముగిసింది. వారసుడు విండోస్ 11 ఉన్నాడు గాని ఆయనది మహా కులాభిమానం. ఇంటెల్ వంశంలో ఎనిమిదో తరం లోపు వాళ్ల గడప తొక్కడు, టీపీఎం 2.0 అనే తాళపత్రం చూపించందే పలకరించడు. మన పెట్టెది మూడో తరం. కొత్త మిషను కొనాలంటే మార్చి దాకా ఆగాలి, మిర్చి డబ్బులు ఊళ్లోకి రావాలి. రాజ్యం అరాచకమయ్యే వేళ, బీటెక్ చదివే మేనల్లుడు కార్తీకమాసపు సెలవుకు ఊరొచ్చి, జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు.

"మావయ్యా, లినక్స్ మింట్ ఎక్కిద్దాం. నీకు కావాల్సింది బ్రౌజరూ ప్రింటరే కదా."

"పైసా ఖర్చు లేదంటే ఎక్కించరా అల్లుడూ. ప్రింటరు పనిచెయ్యకపోతే మాత్రం నిన్ను బెజవాడ బస్సెక్కిస్తా."

మింట్ వారు ప్రతి వెర్షనుకూ ఆడపేరే పెడతారు. 22.2 పేరు జారా. కాకతి రుద్రమ తర్వాత ఈ సీమకు మళ్లీ రాణీగారి పాలన వచ్చిందన్నమాట. పెన్‌డ్రైవు పల్లకీలో వేంచేసి, యూఎస్‌బీ తోరణం దాటి, హార్డ్‌డిస్కు కొలువుకూటంలో పాదం మోపిన ఆ లేతాకుపచ్చ చేలాంచలకు, ప్రోగ్రెస్ బారు అంగుళం అంగుళం పరిచిన రత్నకంబళి మీదుగా పట్టాభిషేకం జరిగింది. మౌసు మోకరిల్లింది. కీబోర్డు కైమోడ్చింది. ప్రింటరు ఒక టెస్టు పేజీని వెళ్లగక్కి జేజే కొట్టింది. ఓనరు ముఖం పున్నమి నాటి ముక్త్యాల రేవులా వెలిగింది.

ఆ వెలుగు మీద మబ్బు పడటానికి ఎంతోసేపు పట్టలేదు. కుర్రవాడు ముచ్చటపడి టాస్కుబారు మీద ప్రాసెసరు వేడి చూపించే ఆప్లెట్టు ఒకటి పెట్టాడు. దాని కన్ను తెరుచుకుంది. తెరుచుకున్న కంట్లో 94 అనే అంకె అగ్నిగుండమై మండుతోంది.

"మావయ్యా, పెట్టె కాలిపోతోంది!"

"ఓరి నీ అప్‌గ్రేడు పాడుగాను! నిన్నటిదాకా చక్కగా ఉన్న మిషను గదరా!"

రాజ్యం మారిన మొదటి పూటే ఉత్పాతం. ఇక దూతల్ని పిలిపించి విచారించక తప్పదు. నల్లని టెర్మినల్ తెర దిగింది. దాని మీద అరణిని ఎత్తుకుపోయిన యక్షుడిలా సెన్సర్స్-డిటెక్ట్ నిలుచున్నాడు. 1998 ప్రాంతంలో ఫ్రోడో లోయార్డ్ మొదలుపెట్టిన ఎల్ఎం-సెన్సర్స్ అనే పనికి ఈ యక్షుడు ద్వారపాలకుడు. ప్రశ్నకు ప్రశ్న: ప్రాసెసరు లోపలి సెన్సరును చూడమంటావా? సూపర్ ఐఓ చిప్పు తలుపు తట్టమంటావా? ఐ2సీ బస్సెక్కి తిరిగి రమ్మంటావా? కుర్రవాడు ధర్మరాజు వలె తొణకక బెణకక ఎంటరు మీద ఎంటరు కొట్టుకుంటూ వచ్చాడు. చివరి ప్రశ్నలోనే ఉంది మెలిక. దొరికిన డ్రైవరు పేరును ఎట్సీ మాడ్యూల్స్ దస్త్రంలో రాయమంటావా అని అడిగేటప్పుడు మాత్రం యక్షుడి సొంత జవాబు "వద్దు". అక్కడా గుడ్డిగా ఎంటరు కొట్టిన వాడికి మిషను రీస్టార్టు కాగానే ఆ డ్రైవరు దూతలంతా మాయం. కుర్రవాడు వేలు ఆపి, వై, ఈ, ఎస్ అని మూడక్షరాలూ టైపు చేశాడు. యక్షుడు సంతోషించాడు. అతను బయటపెట్టిన చిప్పు పేరు: నువోటన్ ఎన్‌సీటీ6776.

అప్పుడు సెన్సర్స్ అనే ఆజ్ఞ ఒక్కటి పడింది. పడీ పడగానే తెర నిండా అలారములు! ఒక వరుస, ఇంకో వరుస, అక్షౌహిణులు అక్షౌహిణులుగా, భేరీలు మోగిస్తూ, కాహళులు ఊదుతూ, దుమ్ము రేపుతూ దిగాయి. పన్నెండు ఓల్టులు ఉండాల్సిన మహారథి ఒక్క ఓల్టుతో కూలబడి ఉన్నాడు. ఓల్టేజీ దళాలన్నీ హద్దు మీరినట్టు బొబ్బలు. ఆక్స్‌టిన్ అనే అజ్ఞాత వీరుడు 127 డిగ్రీల వద్ద నిలువునా దహించుకుపోతున్నాడు. అన్నిటికీ కింద, కోటగోడ ఎవరో దూకినట్టు, ఇంట్రూజన్ అలారం.

"ఇంట్రూజనంటే ఏందిరా?"

"ఎవరో లోపలికి చొరబడ్డారంట మావయ్యా."

ఓనరు అప్రయత్నంగా గల్లాపెట్టె మీద చెయ్యి వేశాడు. పాసుపుస్తకం ప్రింటు కోసం కూర్చున్న రైతు ఒకాయన చెప్పులు వెతుక్కున్నాడు. జిరాక్స్ మిషను తన పళ్లెం తాను లోపలికి లాక్కుంది.

ఏటి అవతల కారంపూడి కదనరంగంలో బాలచంద్రుడు శత్రుసేనను చూసి నవ్వాడట. మా కుర్రవాడూ నవ్వాడు. నవ్వటానికి కారణముంది. ఆ సేనలో సగం మంది బొమ్మ సైనికులని అతనికి అప్పుడే అనుమానం తగిలింది.

"మావయ్యా, పన్నెండు ఓల్టులు నిజంగా ఒక్క ఓల్టయితే ఆ ఫ్యాను ఎవరి బలంతో తిరుగుతోంది?"

ఆహా, ఏమి ప్రశ్న! సభలో ద్రౌపది వేసిన ధర్మసందేహం తర్వాత ఇంత పదునైన ప్రశ్న పుట్టలేదు. దీనికి చిప్పు దగ్గర జవాబుంది. నువోటన్ చిప్పు కడుపు చిన్నది. 2.048 ఓల్టులకు మించి మింగలేదు. అందుకని బోర్డు చేసిన వాళ్లు మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టి, పన్నెండును పన్నెండో వంతుకు దించి, ఒక్క ఓల్టు ముద్ద చేసి తినిపిస్తారు. చిప్పు తాను తిన్నది తిన్నట్టు చెప్పింది: 1.008. దాన్ని మళ్లీ పన్నెండుతో హెచ్చవేసుకోవాల్సింది వినేవాడు. 12.096. పదకొండు పాయింట్ నాలుగుకూ పన్నెండు పాయింట్ ఆరుకూ మధ్య ఉంటే ధర్మబద్ధం, ఇది నడిమధ్యన ఉంది. ఏ బోర్డులో ఎంతతో హెచ్చవేయాలో కొత్త రాణీగారికి ఎవరూ చెప్పలేదు. ఆమె విన్నది విన్నట్టు రాసి, పక్కన అలారం అని చేవ్రాలు చేసింది. దూతది సత్యమే, రాణిదీ సత్యమే, మధ్యన గుణకారం ఒక్కటే లోపం.

మిగతా ఓల్టేజీల బొబ్బ ఇంకా విచిత్రం. వాటికి కనిష్ఠ హద్దు 0.00, గరిష్ఠ హద్దు 0.00 అని రాసి ఉంది. ఎవరూ హద్దులు నింపలేదు గనుక సున్నాకూ సున్నాకూ మధ్య ఉన్నవాడే నిర్దోషి. బతికున్న ప్రతి ఓల్టూ నేరస్థుడే! ఇంత నిష్కర్షగా శిక్షాస్మృతి రాసిన రాజు ఏ పురాణంలోనూ కనపడడు. 127 డిగ్రీల దహనవీరుడి సంగతి చూస్తే ఆ కాలికి అసలు సెన్సరే తగిలించి లేదు. ప్లస్ మైనస్ గుర్తుతో కలిపి ఎనిమిది బిట్లలో పట్టే అతి పెద్ద ధనసంఖ్య అది. చెప్పటానికేమీ లేనివాడు గొంతున్నంత మేరా అరిచాడు. ఇక చొరబాటుదారు! పెట్టె మూత తెరిస్తే కబురు చెప్పే చిన్న స్విచ్చు ఒకటి ఖరీదైన పెట్టెల్లో ఉంటుంది. ఈ పెట్టెలో స్విచ్చూ లేదు, దాని తీగా లేదు. తీగ లేని గుమ్మాన్ని చిప్పు తెరిచిన గుమ్మంగానే ఎంచింది. కుర్రవాడు ఆ అలారం ఫైల్లో ఒక సున్నా రాశాడు. దొంగ పటాపంచలు. రైతు మళ్లీ కూర్చున్నాడు.

బటన్ సెల్లు మాత్రం నిజంగానే నీరసించింది. 3 ఓల్టులు ఉండాల్సిన సీఆర్2032 రెండున్నరకు దిగింది. గడియారాల కొట్టు నుంచి కొత్తది తెప్పించి వేస్తే సరి. దానికి కావ్యం అక్కర్లేదు.

కాని 94! అది నువోటన్ చెప్పిన మాట కాదు. ప్రాసెసరు తన గుండెలోనే పొదువుకున్న సెన్సరుతో తానే చెప్పుకున్న మాట. హెచ్చవేతలు లేవు, రెసిస్టర్ల రాయబారం లేదు. 105 దగ్గర ప్రమాదరేఖ గీసి ఉంది. వేడి అటువైపు అడుగడుగునా జరుగుతుండగా, ఇటు నిమిషానికి రెండు వేల నాలుగు వందల చుట్లు తిరుగుతూ మన నాయకుడు ఘోషిస్తున్నాడు: పద్మవ్యూహంలో చిక్కిన అభిమన్యుడి శంఖంలా, కృష్ణ వరదొచ్చిన నాటి హోరులా, పెళ్లిలో మైకు సెట్టు మీద పడ్డ ఈదురుగాలిలా.

"ఈ మోత ఎప్పట్నించి మావయ్యా?"

"రెండు మూడేళ్ల నుంచీ ఉన్నదే గదరా. ఫ్యాను బాగా తిరుగుతోందని సంతోషపడుతున్నా."

విన్నారా? అప్‌గ్రేడు తెచ్చిన జ్వరం కాదది. పాత చక్రవర్తి కాలంలోనూ ప్రాసెసరు ఇట్లాగే ఉడికింది, చిప్పు ఇట్లాగే రోజూ లెక్క చెప్పింది. అడిగేవాడు లేడు. కొత్త రాణి వస్తూనే "ఎవరక్కడ?" అంది, కొలువులో ఉన్న వాళ్లూ లేని వాళ్లూ అందరూ ఒక్కసారిగా మొరపెట్టారు. ఆ గోలలో నిజంగా కాలుతున్న వాడి గొంతు కలిసిపోయింది.

ఇక యుద్ధం. షట్‌డౌన్ అయింది. ప్లగ్గు పీకారు. పవరు బటను ఒకసారి నొక్కి, కెపాసిటర్లలో దాగిన చివరి శత్రుశేషాన్నీ ఖాళీ చేయించాడు కుర్రవాడు. కుడిచేత స్టారు స్క్రూడ్రైవరు, ఎడమచేత గోడలకు సున్నం వేసిన పాత బ్రష్షు, వెనక పక్క మెకానిక్ షెడ్డు నుంచి అరువు తెచ్చిన బ్లోయరు, రొమ్మున కండువా, ముక్కుకు రుమాలు. పక్క మూత జారింది.

లోపల చక్రరత్నం కనిపించింది గాని కవచం కింద అల్యూమినియం రెక్కలు కనిపించలేదు! వాటి మీద ఒక దుప్పటి. నాలుగు మూలల ప్లాస్టిక్ చీలల్ని బాణం గుర్తు వైపు తిప్పి, చక్రాన్ని కవచంతో సహా పైకి లేపాడు. ఆ దృశ్యం వర్ణించటానికి బర్జెస్ దొర తిరిగి రావాలి. పొర మీద పొర, యుగం మీద యుగం, తవ్వకం మొదలైంది. పైన ఈ ఏటి పత్తి, ఇంకా తెల్లగా, మెత్తగా, దారిన పోయే ట్రాక్టర్ల నుంచి రేగి వచ్చిన పింజలు. దాని కింద సిమెంటు యుగం, చలువరాయిలా గట్టిపడి, బ్రష్షుకు లొంగని బూడిద పెచ్చు. ఆ పెచ్చు విరిగితే ఎర్రటి గీత, సన్నగా, సింధూరం దిద్దినట్టు: ఏ వేసవిలోనో కల్లాల మీదుగా వీచిన గాలి దాచిపెట్టిన మిరపపొడి. అది గాలిలో లేచింది, అంతే! కుర్రవాడు తుమ్మాడు. ఓనరు తుమ్మాడు. రైతు తుమ్మాడు. తుమ్ముకు తుమ్ము జవాబుగా, దిక్కులు పిక్కటిల్లగా, గోడ మీది క్యాలెండరు రెపరెపలాడగా, శతఘ్నులు పేలిన బొబ్బిలి కోట గుర్తొచ్చేంత తుమ్ముల జడివాన కురిసింది.

మేడ మీద నుంచి అత్తయ్య దిగి వచ్చింది. "బయట చేసుకోండి నాయనా, ఇప్పుడే తుడిచా!" రణరంగం తక్షణం అరుగు మీదికి మారింది. ఏ సేనాని ఆజ్ఞకూ ఇంత వేగంగా సైన్యాలు కదలలేదు.

అరుగు మీద బ్లోయరు గర్జించింది. ఇక్కడ కుర్రవాడి వీరత్వం కన్నా వివేకం మెచ్చుకోదగ్గది. చక్రాన్ని ఒక వేలితో అదిమి పట్టి మరీ గాలి కొట్టాడు. వదిలేస్తే బ్లోయరు గాలికి అది ఎన్నడూ ఎరగని వేగంతో గిర్రున తిరిగి బేరింగు అరగ్గొట్టుకుంటుంది. వీరుడు గెలవాల్సింది శత్రువును గాని నాయకుణ్ణి కాదు. పింజలు ఎగిరాయి. తెల్లగా, గుంపులు గుంపులుగా, శరత్కాల మేఘాల్లా, హంసల బారులా, బస్టాండు వైపు పయనమయ్యాయి. ప్రాసెసరు నుదుటి మీద ఎండి పెచ్చులూడిన పాత పేస్టును తుడిచేసి, కొత్త థర్మల్ పేస్టు కందిగింజంత చుక్క పెట్టాడు. తిలకం దిద్దించుకున్న వీరుడికి మళ్లీ కిరీటం. నాలుగు చీలలూ టక్, టక్, టక్, టక్.

రైతు వంగి, అరుగు మీద పోగైన పింజను రెండు వేళ్లతో తీసి, నలిపి, ఎండకేసి చూశాడు.

"తేమ పన్నెండు దాటలా. సీసీఐ వాళ్లు కొంటారయ్యా ఇది."

ఓనరు నవ్వలేదు. తక్కెడ కోసం చూశాడని నా అనుమానం.

పవరు బటను నొక్కారు. రాణీగారు కొలువు తీర్చింది. ఎట్సీ సెన్సర్స్.డి భాండాగారంలో కుర్రవాడు కొత్త శాసనం చెక్కించాడు: పన్నెండు ఓల్టుల మహారథి మాటను పన్నెండుతో హెచ్చవేసి వినవలెను, దాని హద్దులు 11.4, 12.6 అని ఎరుగవలెను, మిగిలిన ఓల్టులకు వాటి వాటి హద్దులు ఇవి, తీగ లేని ఆక్స్‌టిన్ మొర ఆలకించరాదు. సెన్సర్స్ ఆజ్ఞకు హైఫన్ ఎస్ తగిలించి శాసనం అమలు చేయించాడు. అలారములు ఒక్కొక్కటీ కత్తులు దించి వెళ్లిపోయాయి. ఆప్లెట్టు కంట్లో 94 పోయి 41 కూర్చుంది. చక్రరత్నం పదకొండు వందల చుట్ల దగ్గర స్థిమితపడింది. ఆ హోరు ఆగిపోవటంతో, ఇన్నేళ్లూ దాని వెనక దాక్కున్న సీలింగు ఫ్యాను కిర్రుకిర్రు మొదటిసారి అందరికీ వినపడింది.

"ఇప్పుడు దాన్ని పట్టుకోరా అల్లుడూ," అన్నాడు ఓనరు.

కావ్యం చివర ఫలశ్రుతి చెప్పటం ఆనవాయితీ. నేను మనవి చెబుతాను. పాత మిషన్లకు కొత్త సిస్టం ఎక్కించిన సెంటర్ల వాళ్లారా, తెర మీద అలారం చూడగానే బోర్డు పోయిందనుకుని కొత్తది కొనకండి. ముందు ఆ అంకె నిజమో కాదో తర్కించండి, తర్వాత మూత తీయండి. పెట్టెను నేల మీద పెట్టకండి, జానెడు ఎత్తు పీట వేయండి. జగ్గయ్యపేట, నందిగామ రోడ్ల మీద పత్తి తోలే రైతన్నలారా, మీ కష్టం మాకు తెలుసు, మీ పంటకు మంచి ధర రావాలి. కాని లోడు మీద పట్టా కప్పండి బాబూ. పింజ రాలితే మీకూ నష్టం, మాకూ నష్టం.